పదింటి రేణువులు

మూడు నెలలు సెలవు అడిగిందని ధర్మేందర్ సార్ ప్రాజెక్టులోంచి ప్రవళిక పేరు కొట్టేశాడు. నాలుగేళ్ల పరిశోధన ఆమెది. ఆ స్థానంలో నిన్నగాక మొన్న చేరిన హరీష్‌ని కూర్చోబెట్టాడు.

"సెలవులు కావాలంటే ఇంట్లనే ఉండాలె. సైన్స్‌కు ఎందుకొచ్చినవమ్మా?" అన్నాడు అందరి ముందూ.

ప్రవళిక మరిచిపోయే రకం కాదు. నీ పరువు కూడా నలుగురి ముందే తీస్తానని ఆ క్షణమే అనుకుంది. హుజూర్‌నగర్ దగ్గరి తల్లిగారింటికి వచ్చేసింది.

సార్ మిషన్ ఆ ఇంటి డాబా మీదే ఉంది. కిరాయి లేదని ఆయనే పెట్టించాడు. దాని గొట్టం వసారా చూరు దాకా వేలాడుతూ గాలి పీలుస్తుంది. ఎన్ని రేణువులున్నాయో లెక్క చెబుతుంది. అవి ఏ రేణువులో మాత్రం చెప్పదు. పేరు కొట్టేసినా పని తప్పలేదు. రోజూ అంకెలు పంపకపోతే పట్టా రాదన్నాడు సార్.

అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల గాలిలో అయాన్లు పుడతాయి. పొలాల్లోని యూరియా ఘాటు, బొగ్గు పొగలోని గంధకం వాటి చుట్టూ చేరితే కంటికి కనపడని రేణువు తయారవుతుంది. అది పెరిగితే మబ్బుకు విత్తనం. మామూలుగా ఇందుకు ఎండ సాయం కావాలి. ఎండ లేకున్నా అయాన్లే చాలని నిరూపిస్తే పెద్ద పేరు. ఆ పేరు కోసం సార్ పదేళ్లుగా మొహం వాచి ఉన్నాడు.

నెల తర్వాత ఒక రోజు పొద్దున పదింటికి లెక్క ఒక్కసారిగా ఎగిసింది. మర్నాడూ అంతే. మబ్బు పట్టినా, ముసురు కమ్మినా పదింటికే.

ప్రవళిక గొట్టం కిందికి తొంగి చూసింది. నిమిషంలో అర్థమైంది. సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, పదింటి సంగతి ఒకటి చెప్పాలె."

"నువ్వు అంకెలు పంపు, సాలు. అర్థం చెప్పేటోణ్ణి నేనున్న." ఫోన్ పెట్టేశాడు.

చాలా రోజుల తర్వాత ప్రవళిక మనసారా నవ్వింది.

"జాగ మార్చమంటవా బిడ్డా?" అడిగింది తల్లి కొమురమ్మ.

"వద్దే అమ్మా. గీడనే. పదింటికే. ఒక్క రోజు తప్పొద్దు."

సార్‌కు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రెండు నెలల్లో పత్రం రాసేశాడు. సూర్యాపేటలో సన్మానం కూడా చేయించుకున్నాడు. దండలు, ఫ్లెక్సీలు. మిషన్ని కళ్లారా చూస్తామని హైదరాబాద్ నుంచి స్వరూప మేడం, మరో ముగ్గురు నిపుణులు వచ్చారు.

ఆ రోజు ముసురు పట్టింది. సార్ ముఖం వెలిగిపోయింది.

"మంచిగైంది మేడం. సూర్యుడితోని పనే లేదు. పది కానీయండి, మీ కండ్ల ముందే పుడతయి."

ప్రవళిక గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెను చూసి సార్ ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకోనీ అనుకుంది ప్రవళిక. ఇంకెంత, రెండు నిమిషాలు. వచ్చినవాళ్లంతా వసారాలో నిలబడి, అక్కడ పెట్టిన మిషన్ తెర మీది అంకెలనే చూస్తున్నారు.

సరిగ్గా పదింటికి కొమురమ్మ, ప్రవళిక కన్న మూడు నెలల పిల్లకు నీళ్లు పోసి ఎత్తుకొచ్చి, గొట్టం కింద పీట వేసుకుని, రోజూలాగే నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లింది.