పాలపన్ను

సంయుక్త సైకిలు మీద నుంచి ఎగిరి గేటుకు గుద్దుకుంది.

తొమ్మిదేళ్ల పిల్ల. చిక్కడపల్లిలో తమ అపార్ట్‌మెంట్ సందు మలుపు తిరుగుతూ బ్రేకు పట్టడం మరిచిపోయింది. అంతే.

"అయ్యో నా తల్లీ!" అంటూ నాయనమ్మ సులోచన మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. కోడలు రచన ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్ల బాధ్యత ఆవిడదే.

పిల్ల నోటి నిండా రక్తం. పై వరుసలో ముందు పన్ను ఒకటి లేదు.

సులోచన కొంగు పిల్ల నోటికి అదిమి, "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అంటూ తానే ఏడవడం మొదలుపెట్టింది.

అంతలో ఎదురుగోడ పక్కన ఒక మనిషి వంగి, దుమ్ములోంచి ఏదో తీశాడు.

అతన్ని సందులో అందరూ ఎరుగుదురు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం మూతికి నీలం గుడ్డ చుట్టుకుని, గోడవారగా నడిచి పోతుంటాడు. పలకరిస్తే పలకడు. తాగిన మనిషి కాబట్టే గోడ వదలడని సులోచన ఏనాడో తేల్చేసింది. ఆవిడ ఒకసారి తేల్చిందంటే ఇక అప్పీలు లేదు.

అతను పన్నును రెండు వేళ్ల మధ్య జాగ్రత్తగా పట్టుకుని తెచ్చాడు.

"పా...ల... పన్ను... పా...ల..."

మాట ముద్దముద్దగా వచ్చింది. గుడ్డ కింద నుంచి చొంగ కారింది.

"ఏందీ? పాలపన్నా?" అంది సులోచన.

'పాల' అన్న మాట వినగానే అతని కళ్లు మెరిశాయి. అవునవునని గబగబా తలూపాడు.

సులోచన ప్రాణం కుదుటపడింది.

"గదే గదా! ఊడేదే ఊడింది. నేను ఉత్తగనే పరేషాన్ అయిన."

పన్ను అతని చేతిలోంచి లాక్కుంది. పాలపన్నును ఏం చేయాలో ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంటి మీదికి విసరాలి. అప్పుడే కొత్త పన్ను తొందరగా వస్తుంది. తన పళ్లూ, కొడుకు పళ్లూ అన్నీ అలాగే వెళ్లాయి. అపార్ట్‌మెంట్ కప్పు ఎలాగూ అందదని, పక్కనున్న పాత ఇంటి రేకుల వైపు చెయ్యెత్తింది.

అతను ఉలిక్కిపడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చేతులిరగ! నన్నే పడతవా?"

ఆ కేకకు ఇస్త్రీ బండి పెద్దులు ఉరికొచ్చాడు.

"ఏందన్నా, తాగితే ఇంట్ల పండాలె. ఆడోళ్ల మీద చెయ్యేస్తవా?"

అతను జేబులోంచి ఫోన్ తీసి వేలితో ఏదో రాయబోయాడు. పెద్దులు భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. ఫోన్ మురుగుకాలువలో పడింది.

పన్ను రేకుల మీద టక్కుమంది.

అతను ఫోన్ వైపు చూడలేదు. రేకుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"సిగ్గన్న ఉండాలె" అంది సులోచన, పిల్లను లోపలికి తీసుకుపోతూ.

చీకటి పడే వేళకు రచన వచ్చింది. కూతురి నోరు తెరిచి చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"అత్తమ్మా, ఆ పన్నేది?"

"ఇంటి మీదికి ఏసిన. పాలపన్నే గదనే."

"పాలపన్నెట్లయితది? ముందు పండ్లు ఎప్పుడో ఊడి మళ్ల వచ్చినయ్. అప్పుడు గూడ మీరే గద ఏసిన్రు!"

అవును. అప్పుడూ ఆ రేకుల మీదే వేసింది. రక్తం చూసిన కంగారులో ఆ సంగతే గుర్తు రాలేదు.

వాచ్‌మన్ నిచ్చెన వేసి, టార్చి పట్టి వెతికి పన్ను తెచ్చాడు. అత్తాకోడళ్లు పిల్లను తీసుకుని ఆటోలో నారాయణగూడ పళ్ల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టర్ స్నేహలత పన్నును లైటు కింద తిప్పి చూసి, నిట్టూర్చింది.

"వేరు పూర్తిగా ఎండిపోయిందండీ. వెంటనే పాలలో వేసి తెచ్చి ఉంటే మళ్లీ అతికించే వీలుండేది. ఇప్పుడు పెట్టినా ఎక్కువ కాలం నిలవదు."

"మల్ల కొత్తది రాదా, డాక్టరమ్మా?"

"రాదండీ. పెద్దయ్యాక కట్టుడు పన్నే."

సంయుక్త ఎదురుగా ఉన్న అద్దంలో చూసుకుని, చేత్తో నోరు మూసుకుంది.

"పాలల్ల ఎయ్యాలని మాకేమెరుక?" అంది రచన ఏడుపు ఆపుకుంటూ. "ఎవ్వరు చెప్పలే."



"చెప్పిండు" అంది సులోచన మెల్లగా. "ఒకాయన చెప్పిండు. పాల, పన్ను అన్నడు. నేను పాలపన్ను అనుకున్న. తాగుబోతని... మాట సక్కగ రాదు, మూతికి గుడ్డ చుట్టుకుంటడు..."

తోసేసిన సంగతి మాత్రం ఆవిడ నోట రాలేదు.

స్నేహలత పళ్లు చూసే చిన్న అద్దాన్ని ట్రేలో పెట్టేసింది.

"నీలం గుడ్డా అండీ?"

"ఔ. నీకెట్ల తెలుసు?"

స్నేహలత స్టూలు మీద కూర్చుంది.

"మా నాన్నగారు. డాక్టర్ వీరరాఘవరావు. ఈ ఆసుపత్రి ఆయనదే. నోటి క్యాన్సర్ వచ్చి నాలుక సగం తీసేశారు. నలుగురూ నవ్వుతారని, నాతో కూడా ఫోన్లో రాసి చూపించడమే తప్ప నోరు తెరిచేవారు కాదు."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆపరేషన్ తర్వాత ఆయన నోరు విప్పి మాట్లాడింది, ఇవాళ మీ పాప కోసమేనండీ."