తడిసినా ఆగని పాఠం

“తొందరగా కానియ్ బాబాయ్. డార్లీన్ వండి తెచ్చిన హాట్‌డిష్ చల్లారిపోతోంది” అన్నాడు క్లింట్.

అమెరికాలోని దులూత్‌లో సరస్సు ఒడ్డున సగం లేచిన చెక్క ఇల్లు అది. ముందు జాగాలో బల్ల వేసి, దాని వెనక నిలబడ్డాడు ఆర్విడ్. చేతిలో గాలితో మేకులు కొట్టే గన్ను. ఏటా వచ్చి దాన్ని జాగ్రత్తగా ఎలా వాడాలో చెప్పడం ఆయన పని. వినకుండా జారుకోవడం ఇల్లు కట్టే ఈ వడ్రంగుల పని. పోయిన నెల ఒకడి మోకాల్లో మేకు దిగింది. అయినా ఎవరికీ బుద్ధి రాలేదు.

“క్లుప్తంగా చెప్తాలే” అన్నాడు ఆర్విడ్. బల్ల మీది దుంగను ఎడమ చేత్తో అదిమి, గన్ను ఆనించి నొక్కాడు.

టప్. టప్.

“రెండు దిగాయేంటి బాబాయ్? ఒకటి కొసరా?”

అందరూ ఘొల్లుమన్నారు. ఆర్విడ్ నవ్వలేదు. ఎడమ చెయ్యి దుంగ మీదే ఉంచాడు.

“అదే నేను చెప్పొచ్చేది” అన్నాడు. “గన్ను వెనక్కి తంతుంది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంచితే, అది మళ్ళీ ఎక్కడ ఆనితే అక్కడ ఇంకోటి దిగుతుంది. ఒక్క నొక్కుకి ఒక్కటే కొట్టే ట్రిగ్గర్ వేయించుకోండి. వినబడిందా?”

ఆ గొంతులో ఏదో తేడా. నవ్వులు ఆగాయి.

“క్లింట్, ఇలా రా. గాలి గొట్టం ఊడదియ్.”

“నేనెందుకు?”

“పోయిన వారం ఇరుక్కున్న మేకుని గొట్టం తియ్యకుండానే గెలికింది నువ్వే కాబట్టి. ముందు గొట్టం, తర్వాతే వేళ్ళు. తియ్.”

క్లింట్ వెళ్ళి తీశాడు.

ఇంతలో సన్నగా చినుకులు మొదలయ్యాయి.

“ఇంటి కప్పు కిందికి రా బాబాయ్, తడుస్తావ్” అంది మేస్త్రీ డార్లీన్.

“తడిస్తే కరిగిపోను. కళ్ళద్దాలేవి మీవి? నెత్తి మీద పెడితే కళ్ళని కాపాడతాయా? కిందికి దింపండి.”

దింపారు. పెద్దాయన వానలో నిలబడి ఉంటే తాము లోపలికి పోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నిచ్చెన ఎక్కేటప్పుడు గన్ను ఎలా పట్టుకోవాలో చెప్పాడు. ముడి ఉన్న చెక్కలో మేకు ఎలా పక్కకి మళ్ళుతుందో చెప్పాడు. కాఫీ తెచ్చిస్తే అక్కడ పెట్టమన్నాడు. వీళ్ళు ప్రశ్నలు కూడా అడిగారు. అలాంటిది మునుపెన్నడూ జరగలేదు.

“రెండో చేతిని మాత్రం దూరంగా పెట్టుకోండి నాయనా” అని బతిమాలినట్టే చెప్పాడు. మోకాల్లో మేకు దిగినవాడు తల వంచుకున్నాడు.

పాఠం అయ్యాక చప్పట్లు కొట్టి, ఒక్కొక్కరే వెళ్ళారు. డార్లీన్ ఆగిపోయింది.

“వీళ్ళు ఇంత బుద్ధిగా వినడం ఇదే మొదలు. ఏం మంత్రం వేశావు బాబాయ్? రా, తిందువుగాని.”

ఆర్విడ్ అటూ ఇటూ చూశాడు.

“అందరూ వెళ్ళారా?”

“వెళ్ళారు.”

“అయితే చప్పుడు చెయ్యకుండా మేకులు పీకే కడ్డీ పట్రా తల్లీ, ఆ రెండో మేకు నా కోటు చేతి అంచుని దుంగకి కలిపి కుట్టేసింది.”