మేనేజరు నడక

"షాపు కోడిని తెచ్చి పండగ బల్ల మీద పెడితే, నేను కంచం పట్టుకుని పెరట్లో కూర్చుంటా," అన్నాడు డ్రైవరు.

బస్సు స్టీరింగు వదిలి రెండేళ్లయినా ఇంటా బయటా ఆయన్ని అందరూ పిలిచేది అలాగే. తెల్లారితే క్రిస్మస్. పొద్దున కాఫీలతో మొదలైన వాదన, ఆరిన బట్టలు మడతపెట్టే వేళకి కూడా తెగలేదు. శుభ్రం చేసి అమ్మే కోడి ఒకటి తెచ్చుకుంటే చాలని కోడలు. ఎవరి మాటా కాదనలేక కొడుకు. బట్టల మీంచి తలెత్తకుండా భార్య.

"తేడా ఏముంది మామయ్యా? ఉప్పూ కారం పట్టిస్తే అన్నీ ఒకటేగా," అంది కోడలు.

అంతే, ఆయనకి దారి దొరికింది. షాపు కోడి జన్మలో అడుగు తీసి అడుగు వెయ్యదనీ, దానికి కూర్చున్న చోటే మేత, కూర్చున్న చోటే నిద్ర అనీ, అలాంటిదాన్ని తినడం కన్నా తడిపిన దూది నమలడం నయమనీ చెప్పుకొచ్చాడు. ఎండలో తిరిగి, గడ్డి పొడిచి, పురుగుల వెంట పరిగెత్తి, నిదానంగా కండ పట్టిన పక్షిదేనట రుచి.

"నడిచిన మాంసమే మాంసం," అని తేల్చేశాడు.

"చెప్పేవాళ్లని చూడండి," అంది భార్య, చొక్కా ఒకటి దులుపుతూ. "నిరుడంతా ఈ సోఫాలో పెరిగింది ఏ కోడి మరి?"

కోడలు నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిరుడు పండగ వెళ్లగానే ఆయన గుండె మొరాయించింది. ఆస్పత్రి నుంచి పంపేస్తూ డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. రోజూ నడవకపోతే, ఈసారి ఆస్పత్రి దాకా వచ్చే తీరిక కూడా ఉండదన్నాడు. జీవితమంతా కూర్చునే సంపాదించిన మనిషికి అది మింగుడుపడలేదు. పనీపాటా లేకుండా బయల్దేరి, తిరిగి తిరిగి మళ్లీ ఇంటికే రావడం ఖాళీ బస్సు నడిపినట్టని ఆయన సిద్ధాంతం. భార్య బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. ఆయన సోఫా దిగలేదు.

ఆ తరవాత ఒకరోజు ఆవిడ సంత నుంచి టర్కీ కోడిపిల్లను తెచ్చింది. చవగ్గా వచ్చిందనీ, క్రిస్మస్‌కి అక్కరకొస్తుందనీ అంది.

అది పెద్దదై, ఛాతీ విరుచుకుని, మెడ కింద ఎర్రతోలు టైలా వేలాడేసుకుని, ఎదురొచ్చిన ప్రతివాడి మీదా గుర్రుమనడం మొదలుపెట్టింది. ఉద్యోగమంతా సెలవు చీటీలు చించి పారేసిన డిపో మేనేజరు అచ్చు ఇలాగే ఉండేవాడు. డ్రైవరు దానికి వెంటనే ఆ పేరే పెట్టేశాడు. క్రిస్మస్‌నాడు మేనేజర్ని తిన్నాకే తను నిజంగా రిటైరైనట్టని నలుగురిలో ఒట్టేశాడు.

మేనేజరు మాత్రం గూట్లో నిలిచే రకం కాదు. సాయంత్రం డ్రైవరు టీవీ ముందు కాళ్లు చాపాడో లేదో, కూరగాయల తొక్కలు పారబోయడానికి వెళ్లిన భార్య పెరట్లోంచి కేకేసేది, మీవాడు మళ్లీ వీధిన పడ్డాడని. డ్రైవరు గడియ మార్చాడు, గొలుసు తగిలించాడు, తీగ చుట్టాడు. ఏం చేసినా అంతే. అది ముక్కుతో విప్పుకుంటోందని ఆయన అనుమానం. ఆవిడ పక్షిని తిట్టిపోస్తుంటే ఆయన గుమ్మం పక్కనున్న బూట్లు తొడుక్కుని బయల్దేరేవాడు.

బేకరీ దాటి, సెలూన్ దాటి, మిట్ట ఎక్కి, బడి గోడ చుట్టూ తిరిగేవాడు. సెలూన్ అతను కత్తెర ఆపి, "మేనేజరుగారు ఎడమకి తిరిగారు," అని కబురు చెప్పేవాడు. మొదట్లో డ్రైవరు మిట్ట మీద దీపస్తంభాన్ని వాటేసుకుని రొప్పేవాడు. రానురాను అక్కడ ఆగడమే మర్చిపోయాడు. బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. భార్య కూరల్లో నూనె ఎగ్గొట్టడం వల్లే చిక్కిపోయానని కోడలికి ఫిర్యాదు చేశాడు.

కిందటి వారం డాక్టరు పరీక్షల కాగితాలు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏం చేస్తున్నారని అడిగాడు.

"ఏముంది, భోజనాన్ని తరుముతున్నా," అన్నాడు డ్రైవరు.

పక్క కుర్చీలో ఉన్న భార్య సంచిలో తల దూర్చి దేనికోసమో చాలాసేపు వెతుక్కుంది.

ఇప్పుడాయన సొరుగులోంచి పెద్ద కత్తి తీసి నూరడం మొదలుపెట్టాడు. కొడుకు ఓ అడుగు వెనక్కి జరిగాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. భార్య ఆఖరి తువ్వాలు మడిచి, దొంతర మీద పెట్టి, అందరికీ వినబడేట్టు నెమ్మదిగా అంది.

"షాపు కోడినే తెండి. మేనేజర్ని ఈ ఏడు కొయ్యటం లేదు."

కత్తి ఆగింది. "ఇన్నాళ్లూ దాని వెంట పడి చచ్చింది ఎవరనుకున్నావే?"

"మీరే. నిదానంగా పెరిగితేనే రుచన్నదీ మీరే. ఇంకో ఏడు తిరగనివ్వండి, ఇంకా రుచొస్తుంది."

సొంత సిద్ధాంతమే ఆయన మెడకు చుట్టుకుంది. గొణుక్కుంటూ కత్తిని సొరుగులో పడేశాడు. పైకి ఒప్పుకోడు గానీ, రేపట్నుంచి సాయంత్రాలు ఎలా గడుస్తాయా అని నాలుగు రోజులుగా లోపల ఏదో తొలుస్తోంది. అది కాస్త సర్దుకున్నట్టయింది.

"పండగ పూటైనా ఆ వెధవ గూట్లో పడుంటే బాగుండు," అంటూ టీవీ పెట్టుకుని సోఫాలో వాలి, హాయిగా కాళ్లు చాపాడు.

భార్య ఆయన బూట్లు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. కోడలి చేతిలోంచి తొక్కల గిన్నె అందుకుని పెరట్లోకి నడిచింది. గిన్నె గూటి పక్కన దించి, చేతులు తుడుచుకుంది.

ఎప్పట్లాగే గడియ తీసింది.