చుక్కంత వరద

ఎమ్మిగనూరులో ఆ పొద్దున అక్బర్‌బీ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

"ఆ తలకాయలు నాకియ్యక్కా," అంది ముందుగదిలో బాడుగకున్న హులిగమ్మ.

"తలకాయలేం తింటావు? మంచి ముక్కలే ఇస్తా."

"తలకాయలు సాలక్కా."

కొనే స్తోమత లేదు పాపం, అనుకుంది అక్బర్‌బీ. ఏం పని చేస్తావని అడిగితే "చేపల పనే" అంది. గంపెత్తుకుని అమ్ముకునే మనిషేమో!

ఇంట్లో ఉన్నామె చేతిలో పచ్చి తలకాయలు పెట్టడం మర్యాదా? వాటితో చింతపండు పులుసు కాచి పంపింది.

హులిగమ్మ నవ్వింది. "ఉడికితే పనికిరావక్కా. పచ్చివే కావాల."

ఆ మాట వీధంతా పాకింది.

"పచ్చివి యాల? సేతబడికే!" అన్నాడు అక్బర్‌బీ మొగుడు ఖాసిం సాబ్.

అతని దిగులు అతనిది. చెరువు గుత్తకు తీసుకున్నాడు. తెప్పించిన చేపపిల్ల ఆదోని స్టేషన్లో దించేసరికే డబ్బాల్లో చచ్చింది. ఈ వానాకాలం పిల్ల పడకపోతే చెరువు చేజారినట్టే. గుడ్లతో కడుపు నిండిన శీలావతి చేపలున్నాయి గానీ, పారే వరద తగలనిదే అవి గుడ్డు పెట్టవు.

అయినా అక్బర్‌బీ రోజూ పచ్చి తలకాయలు ఇస్తూనే ఉంది. ఒకనాడు హులిగమ్మ గదిలోకి తొంగిచూసింది. హులిగమ్మ చేప తల చీల్చి, మెదడు కింది నుంచి ఆవగింజంత తెల్లని గింజ తీసి సీసాలో వేస్తోంది.

"ఇదేందమ్మా?"

"దీని రసం చుక్కంత సూదితో ఎక్కిస్తే, వరదొచ్చింది, గుడ్డు పెట్టమని చేపకు సెప్తాదక్కా. మీ చెరువులో ఒక్క జంటకు వేసి సూద్దామా?"

అక్బర్‌బీ మొగుడికి చెప్పలేదు. సాయంత్రం ఇద్దరూ చెరువుకు పోయినారు. కాపలా దాదాపీర్ పట్టిచ్చిన జంటకు సూదేసి, నీళ్ళలో కట్టిన దోమతెర గుడ్డలో వదిలారు.

తెల్లారేసరికి ఖాసిం సాబ్‌కు తెలిసింది. హులిగమ్మ ట్రంకుపెట్టె వీధిలో పెట్టాడు.

"నా చేపలకు విషమెక్కిస్తావా? పో!"

హులిగమ్మ పెట్టె ఎత్తుకుంది. "గుడ్డ ఎత్తి సూడక్కా," అని అక్బర్‌బీతో చెప్పి ఆదోని బస్సెక్కింది.

చచ్చిన చేపలను చూడబోతున్నాననుకుంటూ ఖాసిం సాబ్ చెరువులో దిగి గుడ్డ ఎత్తాడు.

ఉడికిన సగ్గుబియ్యంలా గుడ్లు, దోసిళ్ళకొద్దీ. ఒక్కో గుడ్డులో వెంట్రుకంత ప్రాణం మెలి తిరుగుతోంది.

ఏరు లేదు. వరద లేదు. నిలవ నీళ్ళు.

"యా అల్లా!" నడుం లోతు నీళ్ళలో అట్లాగే నిలబడిపోయాడు.

ఇంటికొస్తే వాకిట్లో జీపు.

"డాక్టర్ హులిగమ్మ గారు ఈడనేనా ఉండేది?" అన్నాడు కర్నూలు నుంచి వచ్చిన చేపల ఆఫీసరు.

"డాక్టరా!" అంది అక్బర్‌బీ. "పొద్దున్నే ఎల్లిపోయిందే సామీ!"

"అయ్యో! ఏ ఊరు పోతారో ఎవరికీ సెప్పరు, ఇంక దొరకరు. మాకందరికీ సదువు సెప్పిన గురువమ్మ. సముద్రం కాడ పెద్ద ఉద్యోగం వదులుకొని, ఈ ఎండు సీమ చెరువుల్లో పిల్ల పుట్టించాలని వచ్చినారు."

ఆమె కోసమని అక్బర్‌బీ అలవాటుగా పక్కన పెట్టిన పచ్చి తలకాయల గిన్నె అందుకుని, ఖాసిం సాబ్ ఇల్లు దాటి ఆదోని బస్సు కోసం బస్టాండు వైపు నడిచాడు.