ఐసు తిన్న పువ్వు

పొద్దున్నే పెరట్లోకి వెళ్లిన భాస్కర్ సారు గుండె గుభేలుమంది. కాడ ఉంది. కాడ మీద పువ్వు లేదు!

మామూలు పువ్వా అది? ఐరిస్! నీలం రేకులు, కింది రేకుల మీద గడ్డంలా పచ్చటి నూగు. హిమాచల్ నుంచి దుంప తెప్పించాడు. చూడ్డానికి అచ్చం అల్లం కొమ్ము. బాగా చలి తగలనిదే పూయదట. గౌడవెల్లిలో అంత చలి ఎక్కడిది? అందుకే రిటైరైన ఈ సైన్సు మాస్టారు మూడేళ్లుగా చలికాలమంతా కుండీలో ఐసు ముక్కలు పేర్చాడు. ఊరు ఊరంతా నవ్వింది. షామీర్‌పేట నర్సరీ మల్లేశమైతే ఏకంగా పందెమే కట్టాడు.

"మన ఎండలకు గది పూస్తే నా నర్సరీ బోర్డు మీద నీ పేరు రాయిస్త. పూయకుంటే మీసం తీసెయ్యాలె! ఫొటోలు గీటోలు నడవయ్, కండ్లార చూడాలె."

నలభై ఏళ్ల మీసం అది. ఇవాళ తొమ్మిదింటికి మల్లేశం వస్తాడు. నిన్న సాయంత్రమే పువ్వు విచ్చుకుంది. ఇంట్లో వాళ్లు తప్ప ఎవరూ చూడలేదు.

దిష్టి తగులుతుంది, నిమ్మకాయ కడతానని భార్య లక్ష్మీకాంతమ్మ ఎంత పోరినా ఆయన వినలేదు. "ఐసు, ఎండ, ఓపిక. గంతే! సైన్సుకు నిమ్మకాయలెందుకు?" అని కసురుకున్నాడు.

పువ్వు తెంపింది ఇంకెవరు? సుక్కమ్మే! తెల్లారితే చాలు, కొక్కెం కట్టెతో వాడలో కనబడిన పువ్వునల్లా పూజకని తెంపుకుపోయే ముసలమ్మ. సారు చెప్పులైనా వేసుకోకుండా ఆమె ఇంటికి పరుగెత్తాడు.

"నా పువ్వేది సుక్కమ్మా?"

"ఏంది సారూ, గట్లంటవ్?" సుక్కమ్మ బుట్ట బోర్లించింది. మందారాలు, గన్నేరు, నందివర్ధనాలు. అంతే. "గోడ దాటొచ్చినయే తెంపుత. లోపటిది ముట్టుకున్ననంటే నా కండ్లు పోతయ్!"

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. మీసాన్ని ఆఖరిసారి నిమురుకున్నాడు. అంతలో ఫోను మోగింది. మల్లేశం!

"సారూ, ఓడిపోయిన! గండిమైసమ్మ చౌరస్తల మొక్కలు దించనీకొచ్చి మైసమ్మ గుడికి పోయిన. తల్లి పాదాల కాడ ఉన్నది నీ పువ్వు. పళ్లెమంత! గసుంటిది ఈడ ఇంకెవ్వరి దగ్గరుంటది? బోర్డు ఇయ్యాల్నే రాయిస్త!"

సారు ఎగిరి గంతేశాడు. మరుక్షణమే ఆగిపోయాడు. పువ్వు గుళ్లోకి ఎలా వెళ్లింది?

వాకిట్లో స్కూటీ ఆగింది. మనవరాలు సహస్ర వెనక నుంచి లక్ష్మీకాంతమ్మ దిగింది. చేతిలో కొబ్బరిచిప్ప, నుదుట కుంకుమ.

"నువ్వా!" సారు మండిపడ్డాడు. "మూడేండ్ల కష్టాన్ని తీస్కపోయి గుళ్లె పెడ్తవా? గీ మొక్కులు గిక్కులు నాకు నచ్చవని తెల్వదా?"

ఆమె నవ్వాపుకుంటూ ఆయన చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

"పోయిన మంగళారం పెరట్ల ఎవ్వరు లేరనుకొని, గా మొగ్గ ముందట చేతులు జోడించి 'గిది పూసేటట్టు చెయ్యి మైసమ్మ తల్లీ, తొలి పువ్వు నీకే' అన్నది మీరే గదా!"