కుర్చీల సైటు బరువు

"మళ్లీ ఎరుపే!"

కుర్చీల మేస్త్రి మౌస్‌ను బల్ల మీద ఠపీమని కొట్టాడు. పాత కుర్చీలకు కీళ్లు బిగించి, వార్నిష్ పూసి, మళ్లీ మనుషులు కూర్చునేలా చేయడం ఆయన పని. వేళ్లకు అంటుకున్న వార్నిష్ ఇప్పుడు మౌస్‌కీ అంటింది. తెర మీద వాళ్ల కొట్టు వెబ్‌సైట్ సగంలో ఆగి ఉంది. కుర్చీ వీపు కనిపిస్తోంది కానీ కాళ్లు ఇంకా రాలేదు.

"కాసేపు దాన్నలా వదిలేయండి. టీ పెట్టనా?" అంది భార్య.

"టీ తాగితే ఎరుపు పోతుందా? అంతా నీ ఫొటోల బరువేనే! ఇదిగో, ఇది చెబుతోంది. ఇదీ చెబుతోంది."

ఆయన చూపిస్తున్నవి ఎక్స్‌టెన్షన్లు. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో కొలిచి, ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పే చిన్న ప్రోగ్రాములు. ఈ కంప్యూటర్లో సైట్లు తెరిచే బ్రౌజర్‌కి తగిలించుకోవచ్చని చెప్పి, మొదటిదాన్ని బావమరిదే తగిలించి వెళ్లాడు. దాని మాట మీద మేస్త్రికి గురి కుదరక తనే ఇంకోటి వెతికి పెట్టుకున్నాడు. ఒక డాక్టరు చెప్పింది నచ్చక ఇంకో డాక్టరు గుమ్మం ఎక్కే రోగిలా, అలా పెట్టుకుంటూనే పోయాడు. ఒకటి బొమ్మల బరువు తూస్తుంది. ఒకటి పేజీలో ఏ ముక్క ఎంత సమయం తిన్నదో గీతలు గీస్తుంది. ఇంకోటి ఊరికే మూలన కూర్చుని, ఎర్రరంగులో మార్కులు వేసి "మీ పేజీ నెమ్మది" అని దెప్పుతుంది. అన్నీ కూడబలుక్కున్నట్టు ఫొటోల వైపే వేలు చూపించాయి.

వేరే రోజైతే ఆయన ఇంత కంగారు పడేవాడు కాదు. ఈ మధ్యాహ్నం హోటలాయన సైటు తెరుస్తాడు. భోజనాల హాలు మొత్తానికి కుర్చీలు కావాలి. భాగస్వాముల్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పటికప్పుడు తేల్చేస్తానన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఈ కొట్టు ఎక్కే గిరాకీ ఎవరు? ఈ ఆర్డరు కూడా చేజారితే మేస్త్రి తన ఉలీ సుత్తీ మూటగట్టి, ఎవడి కొట్లోనో కూలికి చేరాల్సిందే.

"ఫొటోలన్నీ తీసేస్తున్నా," అన్నాడు.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "తీసేసి?"

"పేర్లు రాస్తాను. టేకు కుర్చీ, పేము కుర్చీ అని."

"బావా, పేర్ల మీద కూర్చోమంటావా వాళ్లని?" గుమ్మానికి ఆనుకుని ఉన్న బావమరిది కిసుక్కున నవ్వాడు.

"నువ్వు నోరుమూసుకోరా. ఈ రోగం బయటపెట్టిందే నువ్వు. పెద్ద చదువుకున్నావుగా, మందు చెప్పు మరి."

వాడు తల గోక్కున్నాడు. ఆమె గిన్నె దించి వచ్చింది.

"ఏమండీ, హోటలాయన అంత దూరం నుంచి వచ్చి మన కుర్చీ తడిమి చూడగలడా? చెక్కలో చార కనబడేదాకా వెలుతురు కోసం కాచుకుని తీసిన ఫొటోలవి. ఆయన చేత్తో చూసినట్టు ఉండాలని తీశాను. అవి లేకపోతే ఇంకేం చూసి కొంటాడు?"

"తెరుచుకోకపోతే ఏం చూస్తాడే?"

"ఒక్క ఫొటో పోకుండా చకచకా తెరుచుకునేలా చేస్తే?"

"చేస్తే ఆ సైటు జోలికి మళ్లీ రాను. నీదే పెత్తనం. చెయ్యలేకపోతే?"

"మీ చేత్తోనే అన్నీ తీసేయండి. నోరెత్తను. ముందు వెళ్లి భోంచేయండి."

మేస్త్రి వెళ్లాడు. ఏం తిన్నాడో, ఏం మింగాడో ఆయనకే తెలియదు. చెయ్యి కడిగీ కడగకముందే వచ్చి పడ్డాడు. ఆమె లేచి కుర్చీ ఖాళీ చేసింది.

"నొక్కండి."

నొక్కాడు. వేలు ఇంకా పైకి లేవనేలేదు, కుర్చీ నాలుగు కాళ్లతో నిలబడింది! ఇంకో పేజీ. టేకు చారలు మెరిశాయి. ఇంకోటి. పేము అల్లిక పోగుపోగూ కనబడింది. ఒక్క ఫొటో తగ్గలేదు, ఒక్కటీ చిన్నది కాలేదు.

"ఓరి నాయనో! మరి మార్కులో? ఎరుపు పోయిందా?"

"హోటలాయన మార్కులు చూసి కొంటాడా, కుర్చీలు చూసి కొంటాడా?"

"అదీ నిజమేలే. ఇంతకీ ఏం కోసేశావే?"

"ముందు ఫోనెత్తండి, మోగుతోంది."

హోటలాయనే. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. అవతల గొంతు గదంతా వినబడింది. "మేస్త్రిగారూ, మీ సైటు ఇలా నొక్కితే అలా వచ్చిందండీ! మిగతావాళ్లవి తెరుచుకునేసరికి మాకు నిద్రొచ్చింది. ఆ ఫొటోలు చూసి మావాళ్లు నోళ్లు వెళ్లబెట్టారనుకోండి. ఇంకెవర్నీ అడగం. పని మొదలుపెట్టేయండి!"

మేస్త్రి ఫోను జేబులో పెట్టబోయి కింద పడేసి, దాన్ని తీసుకోవడం కూడా మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు. ఎదురు కొట్టు తాళాలాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"చూడవయ్యా, చూడు! మా ఆవిడ ఒక్క పూటలో సైటుకి గుండె ఆపరేషన్ చేసేసింది! ఒరేయ్ బావమరిదీ, నీ పట్టా తీసుకెళ్లి మీ అక్క కాళ్ల దగ్గర పెట్టరా!"

"పెడతాలే బావా, ముందు నువ్వు ఊపిరి పీల్చుకో."

"ఇవాళ్టి నుంచి సైటుకి నువ్వే యజమానివే. నేను మళ్లీ వేలు పెడితే ఆ సుత్తితోనే కొట్టు."

"ఇంతమంది ముందు అన్నారు. మాట మీద ఉండాలి మరి."

"ఉంటాను! తాళాలాయనే సాక్షి. ఇప్పుడైనా చెప్పవే, ఆ సైటులో ఏం తీసేశావు?"

ఆమె కొంగుతో మౌస్ మీది వార్నిష్ తుడుస్తూ నవ్వింది.

"సైటుని నేను ముట్టుకోలేదండీ, మీరు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లన్నీ పీకేశానంతే."