ఒక్క అడ్మిషన్

మేడమెట్ల మీద చెప్పులు విడవడానికి చోటు లేదు. మున్నా తన జతను ఓ మూలకు నెట్టి, ఫోన్‌లో గొంతు తగ్గించాడు.

"ఇంతమంది వచ్చారు కదా ఆపా, మళ్లీ నేనెందుకు?"

"అందరూ నీలాగే పిలిస్తే వచ్చినోళ్లేరా. కుర్చీలు ఖాళీగా ఉంటే కొత్తోళ్లు చేరతారా ఏంటి?" అంది రిహానా. "అసలు బేరం ఒక్కటే. బాపట్ల నుంచి గంగాభవాని అని వచ్చింది, పసుపు చున్నీ. ఆ అమ్మాయి కూడా చేరకపోతే తెనాలిలో ఈ కంప్యూటర్ సెంటర్ మూసేసి హైదరాబాద్ పోదామంటున్నారు మీ బావ. పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పరా."

అక్కంటే మున్నాకు ప్రాణం. డిగ్రీ అయ్యాక మూడేళ్లుగా రేపల్లెలో స్నేహితుడి సెల్‌షాపులో కాలక్షేపం చేస్తున్న తనను, ఎప్పటికైనా పైకొస్తాడని ఇంకా నమ్మేది ఆమె ఒక్కతే. ఆమె హైదరాబాద్ వెళ్లిపోతుందంటేనే అతనికి దిగులేసింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఇది ఒక్క అడ్మిషనే కదా అనుకుని లోపలికి నడిచాడు.

బావ మొయినుద్దీన్ లినక్స్ అడ్మినిస్ట్రేటర్ కోర్సు గురించి చెబుతున్నాడు. పెద్ద కంపెనీల సర్వర్లు చాలావరకు నడిచేది లినక్స్ మీదేనట, వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు గిరాకీ తగ్గదట. అదృష్టం కొద్దీ పసుపు చున్నీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"చేరడానికొచ్చారా అన్నయ్యా?" గంగాభవాని అడిగింది.

"ఆఁ, దాదాపు ఖాయమే."

"నాకైతే నమ్మకం లేదండి. సర్టిఫికెట్ కాగితం చూసి ఉద్యోగం ఎవరిస్తారు?"

మున్నా ఉలిక్కిపడ్డాడు. పోయిన నెల ఈ కోర్సులో చేరమని అక్క పోరినప్పుడు తనన్న మాట అచ్చం ఇదే. బద్ధకస్తులందరిదీ ఒకటే పాట కాబోలనుకున్నాడు.

"కాగితం చూసి ఇవ్వరమ్మా. కానీ అది చూసి గుమ్మం దాటనిస్తారు. పైగా దీని పరీక్షలో బట్టీ పట్టిన జవాబులు పనికిరావు. మిషన్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు."

"మూడేళ్లకోసారి మళ్లీ రాయాలంటగా?"

"డ్రైవింగ్ లైసెన్సూ రెన్యువల్ చేయించాలి. అలాగని బండి నేర్చుకోవడం మానేస్తామా?"

"ఇదంతా యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది కదండి."

"ఈతా దొరుకుతుంది. మీ సముద్రం వైపు ఎవరన్నా వీడియో చూసి ఈదారా?"

గంగాభవాని నవ్వింది. మున్నాకు తన తెలివి మీద తనకే గౌరవం కలిగింది. ఇన్ని జవాబులు కడుపులో పెట్టుకుని ఇంట్లో ఎందుకు మొండికేశానా అని కాస్త సిగ్గు కూడా వేసింది.

ఇంతలో మొయినుద్దీన్ కావాలనే ఒక మిషన్ పాడుచేసి, బాగుచెయ్యమని వాళ్లిద్దరి ముందూ పెట్టాడు. గంగాభవాని తడుముకోకుండా పాస్‌వర్డ్ కొట్టింది.

"అదెలా తెలుసు?"

"ఇందాక సార్ చెప్పారుగా. తర్వాతది మీరు చూడండన్నయ్యా."

మున్నా చూశాడు. తప్పు మీద తప్పు వచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వెక్కిరిస్తున్నకొద్దీ పట్టుదల పెరిగింది. టీ వచ్చింది, చల్లారింది, అతను చూసుకోలేదు. చివరికి మిషన్ కిక్కురుమనకుండా లేచి నిలబడేసరికి, అతని ఒళ్లంతా హాయిగా అయిపోయింది. ఈ మూడేళ్లలో ఏ పనీ అతనికి ఇంత సంతోషం ఇవ్వలేదు.

"మీరు చేరితే నేనూ చేరతానండి," అంది గంగాభవాని. "తోడుంటే ధైర్యం."

అక్క కోసమో, ఆ మిషన్ కోసమో మున్నా తేల్చుకోలేదు. ఫారం తీసుకుని అక్కడికక్కడే నింపి సంతకం పెట్టేశాడు. మొయినుద్దీన్ భుజం తట్టి, సోమవారం పొద్దున్నే రమ్మన్నాడు.

"అందరికీ స్వీట్లు నేను తెస్తా. నువ్వు ఈలోగా నింపెయ్యి చెల్లెమ్మా," అని మున్నా మెట్లు రెండేసి చొప్పున దిగాడు. అక్కను హైదరాబాద్ వెళ్లకుండా ఆపేసిన మొనగాడిలా రోడ్డు దాటాడు.

అతను స్వీట్ల కొట్లోకి వెళ్లేదాకా కిటికీలోంచి చూసి, గంగాభవాని ఫోన్ తీసింది.

"రిహానా అక్కా, మీ తమ్ముడు చేరాడండి."